ఉప్పునీటి ట్యాంకులో తెల్లచుక్కలు, ఎర్రపుండు: పరాన్నజీవా, బాక్టీరియానా?

పెన్నాతీరం (నెల్లూరు)
అక్టోబరు 16, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర సుమారు 250 లీటర్ల నీరు పట్టే నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకు ఉంది. ఏడు నెలలుగా అందులో ఒక జత క్లౌన్ చేపలు, చేపల ఒంటిని గీకి శుభ్రం చేసే రెండు క్లీనర్ రొయ్యలు ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నాయి. ఈ నెల 2న చెన్నైలోని ఒక దుకాణం నుంచి ఒక పౌడర్ బ్లూ ట్యాంగు చేపను, మూడు క్రోమిస్ చేపలను తెచ్చి, సంచిలోని నీటిలో గంటసేపు ట్యాంకు నీటిని కలుపుతూ అలవాటు చేసి, నేరుగా వదిలాను. క్వారంటైన్ పెట్టలేదని ముందే ఒప్పుకుంటున్నాను కాబట్టి ఆ విషయంలో చీవాట్లు కొంచెం తగ్గించగలరు.

8వ తేదీన ట్యాంగు రెక్కల మీద, పక్కల మీద ఉప్పురవ్వల వంటి చుక్కలు పదిహేను ఇరవై కనిపించాయి. దుకాణానికి ఫోన్ చేస్తే, అది బాక్టీరియా అని చెప్పి, పసుపు రంగు యాంటీబయాటిక్ పొడిని మూడు రోజులు ట్యాంకులోనే కలపమన్నారు. 11వ తేదీకి చుక్కలన్నీ పోయాయి. జబ్బు నయమైందనుకొని ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను. 14వ తేదీ తెల్లవారుజామున లైటు వేసి చూస్తే వంద చుక్కలకు తక్కువ లేవు.

ఇప్పుడు ట్యాంగు పంపు ఎదురుగా నీటి ధారలోనే నిలబడుతోంది. క్లౌన్ చేపల ఒంటి మీద పలుచని పొర వంటిది కనిపిస్తోంది. ఒక క్రోమిస్‌కు వెన్నురెక్క కింద సగం బఠాణీ గింజంత ఎర్రపుండు పడి, అక్కడ పొలుసులు ఊడిపోయాయి. మా బావమరిది రొయ్యల చెరువులు చేస్తాడు. తెల్లమచ్చ అనగానే అది వైరస్ అని, మందు లేదని, ట్యాంకు ఖాళీ చేసి బ్లీచింగ్ కొట్టమని చెప్పాడు. దుకాణం వారు బాక్టీరియా అంటున్నారు. చదివినవన్నీ పరాన్నజీవి అంటున్నాయి. ఈ మూడింటిలో ఏది నిజమో తేల్చుకునే పద్ధతి ఏమిటో దయచేసి చెప్పగలరు.

కావలి_కెరటం
అక్టోబరు 16, రాత్రి 10.05

పేరు పెట్టే ముందు కొన్ని వివరాలు కావాలి. నిమిషానికి మొప్పలు ఎన్నిసార్లు ఆడుతున్నాయో గడియారం పెట్టుకొని లెక్కించండి. అమ్మోనియా, సెలినిటీ (నీటిలోని ఉప్పు), ఉష్ణోగ్రత ఎంతెంత ఉన్నాయో చూడండి. మేత తింటున్నాయా? వెలుతురు చూసి దాక్కుంటున్నాయా? చుక్కలు వేర్వేరుగా లెక్కపెట్టగలిగేలా ఉన్నాయా, లేక పిండి చల్లినట్టు ఉన్నాయా? టార్చిలైటును పైనుంచి కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి.

పెన్నాతీరం
అక్టోబరు 16, రాత్రి 11.20

ట్యాంగుకు నిమిషానికి 110, క్లౌన్లకు 90 దాకా వస్తున్నాయి. అమ్మోనియా 0.5 చూపిస్తోంది, ఇంతకుముందు ఎప్పుడూ సున్నాయే. ఉష్ణోగ్రత 29 డిగ్రీలు, పీహెచ్ 8.2. సెలినిటీ చూసి నేనే ఆశ్చర్యపోయాను: 27 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో 27 భాగాల ఉప్పు), ఉండవలసిన దానికన్నా బాగా తక్కువ. పోయిన వారం మైపాడులో నీరు పట్టి మార్చాను, దానికి రెండు రోజుల ముందు బాగా వాన కురిసింది. ట్యాంగు మేత తింటోంది. చుక్కలను లెక్కపెట్టవచ్చు. క్లౌన్ల మీది పొర మాత్రం చుక్కలుగా లేదు.

కావలి_కెరటం
అక్టోబరు 16, రాత్రి 11.45

పంపు ధారలో నిలబడటం, ఊపిరి వేగం చూస్తుంటే నాకు వెల్వెట్ అనుమానంగా ఉంది. అమిలోడినియం అనే ఆ పరాన్నజీవి ముందు మొప్పల్లో చేరుతుంది కాబట్టి ఒంటి మీద ఏమీ కనిపించకముందే చేప రొప్పుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే ట్యాంకంతా తుడిచిపెట్టుకుపోవచ్చు. రేపటి దాకా ఆగవద్దని నా సలహా.

కొత్తపట్నం_అల (ఒంగోలు)
అక్టోబరు 17, ఉదయం 6.30

కావలి వారి తొందర అర్థమైంది కానీ, లక్షణాలు చూస్తే నేను వేరే వైపు మొగ్గుతున్నాను. ముందు బావమరిది గారి మాట సంగతి తేలుద్దాం, ఎందుకంటే మన జిల్లాల్లో ఈ పేరు దగ్గర అందరూ తడబడతారు. 1994-95 ప్రాంతంలో మన తీరమంతా చెరువులను ఊడ్చిపెట్టిన రొయ్యల తెల్లమచ్చ ఒక వైరస్. ఆ మచ్చలు పెంకు లోపల సున్నం పేరుకొని ఏర్పడతాయి, గోరుతో గీకినా పోవు. అది రొయ్యలు, పీతల వంటి వాటికి వస్తుంది కానీ చేపలకు రాదు. ఉప్పునీటి చేపల మీది తెల్లచుక్క క్రిప్టోకార్యాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి చేసే పని. పేరు ఒకటే అయినా రెంటికీ చుట్టరికం లేదు. నిజానికి బావమరిది గారు చెప్పిన జబ్బుకు భయపడవలసినవి మీ క్లీనర్ రొయ్యలు. చెరువుల నీరు కలిసే కాలువ దగ్గర నీరు పట్టకుండా ఉంటే వాటికీ మంచిది.

ఇక పరాన్నజీవి అని నేను అనుకోవడానికి కారణం చుక్కల రూపం కాదు, అవి వచ్చి పోయిన తేదీలు. ఈ జీవి చేప చర్మం పైపొర కింద దూరి మూడు నుంచి ఏడు రోజులు తిని పెరుగుతుంది; అప్పుడే మనకు చుక్కగా కనిపిస్తుంది. కడుపు నిండాక చేపను వదిలి కిందికి దిగి, రాయికో ఇసుకకో అంటుకొని, గట్టి పొర కట్టుకొని లోపల ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. ఆ పొరలోంచి మూడు రోజులకు కొన్ని, నెలకు కొన్ని, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కొన్ని, వందల సంఖ్యలో పిల్లలు ఈదుతూ బయటికి వస్తాయి. అవి ఎక్కువగా తెల్లవారకముందు చీకట్లో వస్తాయి, చేపలు అడుగున కదలకుండా నిద్రపోయే వేళ కూడా అదే. 8న కనిపించి, 11న మాయమై, 14న తెల్లవారుజామున అయిదింతలై తిరిగి రావడం ఈ చక్రానికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. అంటే మీ పసుపు పొడి 11వ తేదీన దేన్నీ నయం చేయలేదు. చుక్కలు వాటి వేళకు అవి దిగిపోయాయి, పేరు మందుకు వచ్చింది.

బాక్టీరియా వల్ల ఇలా రవ్వల్లా లెక్కపెట్టదగిన చుక్కలు పుట్టి, మూడు రోజుల్లో తుడిచినట్టు మాయం కావు. అది పుండుగా, రెక్కల అంచు చివికిపోవడంగా, రెక్కల మొదట్లో నెత్తురు చారలుగా, కన్ను ఉబ్బడంగా కనిపిస్తుంది, రోజురోజుకూ ముదురుతుందే కానీ గడువు పెట్టుకొని వచ్చి పోదు.

వెల్వెట్ మీద నా సందేహం ఒక్కటే. అది నిజంగా వెల్వెట్ అయితే మొదటి చుక్క కనిపించిన ఎనిమిదో రోజున ట్యాంగు మేత తింటూ ఉండటం చాలా అరుదు. పౌడర్ బ్లూ వంటి పలుచని జిగురు ఉన్న చేపకు అంత ఓర్పు ఉండదు.

సింగరాయకొండ_ఆక్వా
అక్టోబరు 17, ఉదయం 8.10

ఇన్ని మాటలు అక్కరలేదు. చెరువుల మందుల దుకాణంలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) దొరుకుతుంది, ట్యాంకులో చిటికెడు వేయండి. మేతలో వెల్లుల్లి రసం కలపండి. నేను పదేళ్లుగా ఇదే చేస్తున్నాను.

కావలి_కెరటం
అక్టోబరు 17, ఉదయం 9.00

పెద్దలు మన్నించాలి, ఆ చిటికెడు అన్న మాట దగ్గరే చేపలు చస్తాయి. మైలుతుత్తంలో పరాన్నజీవిని చంపేది రాగి. దాని స్ఫటికాల్లో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, అంటే 25 శాతం పైన, రాగి ఉంటుంది. 100 లీటర్ల నీటిలో లీటరుకు 0.2 మి.గ్రా. రాగి కావాలంటే మొత్తం 20 మి.గ్రా. రాగి చాలు, దానికి కావలసిన స్ఫటికాలు 80 మి.గ్రా. లోపే. వేళ్ల మధ్య పట్టిన చిటికెడు మూడు నాలుగు వందల మి.గ్రా. సులువుగా తూగుతుంది. అంటే నాలుగైదింతలు విషం. అందుకే 4 గ్రాముల స్ఫటికాలను ఒక లీటరు ఆర్‌ఓ నీటిలో కరిగించి పెట్టుకోవాలి; అప్పుడు ఒక మిల్లీలీటరులో దాదాపు 1 మి.గ్రా. రాగి ఉంటుంది, 100 లీటర్లకు 20 మిల్లీలీటర్లు సరిపోతాయి. దాన్ని కూడా ఒక్కసారిగా పోయకుండా రెండు రోజుల మీద ఎక్కించి, రోజూ కిట్టుతో కొలిచి 0.15, 0.20 మధ్య నిలపాలి.

పైగా పెన్నాతీరం గారి పెద్ద ట్యాంకులో రాళ్లున్నాయి, క్లీనర్ రొయ్యలున్నాయి. రాగి తగిలితే రొయ్యలు బతకవు, సున్నపు రాళ్లు రాగిని పీల్చేసుకొని లెక్కంతా తప్పిస్తాయి. ఏ మందైనా రాళ్లూ ఇసుకా లేని వేరే ట్యాంకులోనే వాడాలి. వెల్లుల్లి వల్ల మేత మీద ఆకలి పెరిగితే పెరగవచ్చు కానీ, చర్మం కింద ఉన్న జీవికి దానితో వచ్చే నష్టమేమీ లేదు.

సింగరాయకొండ_ఆక్వా
అక్టోబరు 17, ఉదయం 9.25

లెక్క బాగుంది. నా చిటికెడు అయిదు వందల లీటర్ల సిమెంటు తొట్టికి అని చెప్పడం మరిచాను. అందుకే నా దగ్గర చేపలు బతికాయేమో.

ఇందుకూరుపేట_ల్యాబు
అక్టోబరు 17, మధ్యాహ్నం 1.15

నేను రోజూ రొయ్యల నమూనాలు చూసే ల్యాబులో పని చేస్తాను. మాటలతో క్రిప్టోనా వెల్వెట్టా అని వాదించుకోవడం కన్నా మైక్రోస్కోపు కింద ఒక స్లైడు చూడటం మేలు. నెల్లూరు నుంచి మా ఊరికి బండి మీద ఎంతో దూరం లేదు. ఆదివారం చేపలను తీసుకురండి, ఇద్దరం కలిసి చూద్దాం.

అయితే ఒక విన్నపం. రైతులు రొయ్యలను తెచ్చినట్టు ఐసులో పెట్టి గానీ, పీసీఆర్ అనే జన్యు పరీక్షకు తెచ్చినట్టు ఆల్కహాల్‌లో వేసి గానీ తేవద్దు. చేప చనిపోతే ఈ పరాన్నజీవులు కొన్ని గంటల్లోనే దాన్ని వదిలి వెళ్లిపోతాయి. రాత్రి చచ్చిన చేపను పొద్దున తెచ్చి, స్లైడులో ఏమీ లేదు కాబట్టి బాక్టీరియానే అని తేల్చుకున్నవారిని నేను చూశాను. మూత ఉన్న బకెట్టులో, బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టి, ప్రాణంతో తీసుకురండి. అదే ట్యాంకు నీరు ఒక సీసాలో వేరుగా తెండి. కుళాయి నీటి చుక్కతో స్లైడు పెడితే ఉప్పునీటి జీవులు ఉబ్బి పగిలిపోతాయి, తర్వాత ఎంత వెతికినా కనిపించవు.

చేతులకు గ్లౌజులు తప్పనిసరి. ఉప్పునీటి చేపల మీద ఉండే మైకోబాక్టీరియం మెరైనం చేతి గాయంలోంచి దూరితే నెలల తరబడి మానని గడ్డలు లేస్తాయి. ట్యాంగు తోక మొదట్లో రెండు వైపులా చిన్న కత్తి వంటి ముల్లు ఉంటుందని కూడా గుర్తుంచుకోండి, అది గ్లౌజును చీల్చగలదు.

ఆదివారం లోపల అమ్మోనియా సంగతి మాత్రం చూడండి. పీహెచ్ 8.2 ఉన్న వెచ్చని నీటిలో 0.5 అంటే తేలికగా తీసుకునే అంకె కాదు. మీ పసుపు పొడి ఫిల్టరులోని మంచి బాక్టీరియాను దెబ్బతీసి ఉంటుంది. ఈ రాత్రికి మూడో వంతు నీరు మార్చండి.

పెన్నాతీరం
అక్టోబరు 19, రాత్రి 10.30

ఈ రోజు ఇందుకూరుపేట వెళ్లి వచ్చాను. ల్యాబు మిత్రుడికి కృతజ్ఞతలు ఎలా చెప్పాలో తెలియడం లేదు. చూసినది చూసినట్టు రాస్తాను.

ముందు ట్యాంగు. తడి గ్లౌజుతో దాన్ని మెత్తని వలలోనే నీటి పైకంటా ఎత్తి పట్టుకున్నాను. ఆయన ఒక కవర్‌స్లిప్ (స్లైడు మీద మూసే పలుచని గాజుబిళ్ల) అంచును తల వైపు నుంచి తోక వైపుగా, రెక్క వెనక ఒక చుక్క మీదుగా, చాలా తేలికగా లాగారు. ఎదురు దిశలో లాగితే పొలుసులు లేచి కొత్త గాయం అవుతుందట. వచ్చిన జిగురును మా ట్యాంకు నీటి చుక్కలో కలిపి, కవర్‌స్లిప్ మూసి, తక్కువ పవర్ లెన్సు కింద పెట్టారు. మొత్తం పది సెకన్లు కూడా పట్టలేదు.

నేను మొదట చూసి కనిపెట్టేశానని కేకవేసిన గుండ్రని నల్లటి అంచు గాలిబుడగ అని తేలింది. రెండోసారి చూపించినది ఒక పొలుసు. మూడోసారి నిజంగా కనిపించింది: బూడిద రంగులో, వెలుతురు దూరనంత మందంగా ఉన్న ఒక ముద్ద, ఉన్నచోటనే నెమ్మదిగా తన చుట్టూ తాను దొర్లుతోంది. పెసరపప్పు గిన్నెలో నీళ్లు తిప్పితే ఒక గింజ మాత్రం ఆగకుండా తిరుగుతున్నట్టు ఉంది. దాని అంచు వెంట సన్నని వెంట్రుకలు అల్లల్లాడుతున్నాయి. ఆ ఒక్క స్లైడులో అలాంటివి నాలుగు ఉన్నాయి.

వెల్వెట్ అయితే అది కదలదట. బేరిపండు ఆకారంలో, గోధుమ రంగులో, చర్మానికి వేళ్లు దించుకొని ఊరకే ఉంటుందని, లోపల పిండిపదార్థం ఉండటం వల్ల అయోడిన్ చుక్క వేస్తే నల్లబడుతుందని చెప్పి, రెండో స్లైడుకు అయోడిన్ వేసి కూడా చూపించారు. ఏదీ నల్లబడలేదు. కావలి మిత్రులకు ఇది ఊరట కావచ్చు.

తర్వాత క్లౌన్ చేపలు. వాటి జిగురు రెండు స్లైడులు చూశాం, ఏ జీవీ లేదు. క్లౌన్లకు ప్రత్యేకంగా వచ్చే బ్రూక్లినెల్లా ఉంటే, చిక్కుడు గింజ ఆకారపు జీవులు స్లైడంతా జారుతూ తిరిగేవట. ఒంటి పొర అమ్మోనియా మంటకు చేపే కార్చుకున్న అదనపు జిగురు అని ఆయన అభిప్రాయం. నిజంగానే 17 రాత్రి, 18 ఉదయం నీరు మార్చిన తర్వాత ఆ పొర సగానికి తగ్గింది, మొప్పల లెక్క 70కి దిగింది.

ఇక క్రోమిస్. పుండు అంచు నుంచి తీసిన జిగురులో సూదుల్లాంటి సన్నని బాక్టీరియా విపరీతంగా కదులుతూ కనిపించాయి. క్రోమిస్‌లకు ఇలాంటి ఎర్రపుండు వేసే యురోనెమా అనే జీవి కోసం మూడు స్లైడులు వెతికాం. నీటిబొట్టు ఆకారంలో కంటికి అందనంత వేగంగా పరిగెత్తే జీవి అది. కనిపించలేదు. ఆ చేప అప్పటికే పక్కకు ఒరిగిపోతోంది, మేము చూస్తుండగానే చనిపోయింది. ఆయన వెంటనే దాన్ని కోసి ఏదో నమూనా తీశారు. ఆ వివరాలు ఆయనే రాస్తారు.

కావలి_కెరటం
అక్టోబరు 19, రాత్రి 10.50

వెల్వెట్ అన్న నా మాట తప్పు. పంపు ధారలో నిలబడటానికి అమ్మోనియా కూడా కారణం కావచ్చని 0.5 అంకె చూసినప్పుడే తట్టవలసింది. మొప్పలు మండితే చేప ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నచోటు వెతుక్కుంటుంది. మంట పరాన్నజీవి వల్ల అయినా, నీటి వల్ల అయినా దాని నడవడిక ఒకటే.

ఇందుకూరుపేట_ల్యాబు
అక్టోబరు 21, సాయంత్రం 6.20

ప్లేట్ల ఫలితం వచ్చింది. చనిపోయిన క్రోమిస్ పొట్ట తెరిచి, వెన్నెముక కింద ఉండే మూత్రపిండం నుంచి కాల్చి చల్లార్చిన తీగ లూపుతో నమూనా తీసి, రొయ్యలకు వాడే టీసీబీఎస్ ప్లేటు (విబ్రియో అనే బాక్టీరియాను పెంచి చూసే పళ్లెం) మీద గీశాను. మరో ప్లేటు మీద అదే చేప చర్మం నుంచి, పుండుకు దూరంగా, నమూనా గీశాను. మరుసటి రోజుకు చర్మం ప్లేటు మీద పసుపు, ఆకుపచ్చ కాలనీలు (బాక్టీరియా గుంపులు) చిన్నవీ పెద్దవీ కలగాపులగంగా లేచాయి. మూత్రపిండం ప్లేటు మీద మాత్రం గీత పొడవునా ఒకే పరిమాణంలో, ఒకే పసుపు రంగులో కాలనీలు వచ్చాయి.

మన రైతు సోదరులకు చెరువు నీటి ప్లేటు మీద ఆకుపచ్చ కాలనీ కనిపిస్తే చాలు గుండె ఆగుతుంది. కానీ సముద్రపు నీటిలో, ఆరోగ్యంగా ఉన్న చేప చర్మం మీద కూడా విబ్రియోలు ఎప్పుడూ ఉంటాయి. కాబట్టి చర్మం ప్లేటును చూసి జబ్బు తేల్చలేం, అది చెప్పేది ఆ చేప సముద్రపు నీటిలో ఉందని మాత్రమే. మూత్రపిండంలో మామూలుగా ఏమీ పెరగకూడదు. అప్పుడే చనిపోయిన చేప మూత్రపిండంలో ఒకే రకం దట్టంగా పెరిగిందంటే అది నెత్తురులోకి దూరిందని అర్థం. పసుపు రంగు వచ్చిందంటే చక్కెరను పులియబెట్టే రకమని మాత్రమే తెలుస్తుంది. అది విబ్రియోల్లో ఏ జాతి అన్నది ఈ ప్లేటు ఒక్కటే చెప్పదు.

నా అంచనా ఇది: ఆ క్రోమిస్ బాక్టీరియా వల్లే చనిపోయింది. మూడు క్రోమిస్‌లలో ఒకటి మిగతావాటిని తరిమి కొరుకుతోందని పెన్నాతీరం గారు ల్యాబులో అన్నారు కాబట్టి దారి తెరిచింది ఆ కాటో, సంచిలో తగిలిన దెబ్బో, పరాన్నజీవి చేసిన రంధ్రమో నేను చెప్పలేను. ట్యాంగుది పరాన్నజీవి. క్లౌన్లది నీటి దోషం. ఒకే ట్యాంకు కాబట్టి ఒకే జబ్బు అయి తీరాలని మనమంతా మొదటి రోజు నుంచి ఒక్క పేరు కోసం వెతుకుతూ వచ్చాం.

ముత్తుకూరు_పాతవిద్యార్థి
అక్టోబరు 21, రాత్రి 8.45

చర్చను ఆలస్యంగా చూశాను. ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదివే రోజుల్లో మాకు మొదట నేర్పినది ల్యాబు మిత్రులు చేసినదే: చర్మం, మొప్ప, మూత్రపిండం వేర్వేరుగా చూడాలి. వీలైతే బతికి ఉన్న చేప మొప్ప చివర ఒకటి రెండు పోగులు కత్తిరించి చూడటం కూడా మంచిది, ఎందుకంటే ఒళ్లంతా శుభ్రంగా ఉండి మొప్పల్లో మాత్రమే పరాన్నజీవి ఉండే సందర్భాలు ఎక్కువ. అయితే అది చేయి తిరిగినవారు చేయవలసిన పని.

స్లైడు అందుబాటులో లేనివారికి కంటితో చూసి అనుమానించదగినవి రెండు మూడు చెబుతాను. ఒక కన్ను మాత్రమే ఉబ్బితే చాలాసార్లు దెబ్బ. రెండు కళ్లూ ఉబ్బితే లోపలి ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. కన్ను మసకబారి, చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూ ఉంటే ఫ్లూకులు అనే చదును పురుగులు కావచ్చు. అవి చర్మం మీద పారదర్శకంగా ఉండటం వల్ల కనిపించవు కానీ, అదే ఉష్ణోగ్రత, అదే పీహెచ్ ఉన్న మంచినీటిలో, గాలి పెట్టి, దగ్గరే ఉండి చేపను చూసుకుంటూ అయిదు నిమిషాలు ఉంచితే తెల్లబడి, నువ్వుగింజల్లా రాలి అడుగున పడతాయి. నల్లటి బకెట్టు అయితే ఇంకా బాగా కనిపిస్తాయి. రెక్క అంచున క్యాలీఫ్లవర్ ముక్క వంటి గడ్డ వారాల తరబడి కదలకుండా ఉంటే అది లింఫోసిస్టిస్ అనే వైరస్. దానికి మందు వెతకకుండా శుభ్రమైన ఉప్పునీరు, మంచి మేత ఇస్తే చాలావరకు దానంతట అదే రాలిపోతుంది.

యాంటీబయాటిక్ గురించి ఒక మాట. మిగతా రెండు క్రోమిస్‌లకు పుండు లేదు కాబట్టి ముందుజాగ్రత్త పేరుతో ఏదీ వేయవద్దు. పుండు వస్తే, ఈ ప్లేటు మీది కాలనీల మీదనే యాంటీబయాటిక్ అద్దిన డిస్కులు పెట్టి ఏ మందుకు లొంగుతుందో చూసి, మత్స్య వైద్యుల సలహాతో, వేరే ట్యాంకులో, వీలైనంత వరకు మేతలో కలిపి ఇవ్వాలి. పేరు లేని పసుపు పొట్లాలు అసలు కొనవద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్లు ఆక్వా సాగులో నిషేధించినవి. నైట్రోఫ్యురాన్ రకాల రంగు పసుపే అన్నది యాదృచ్ఛికం కావచ్చు, కాకపోనూవచ్చు.

కొత్తపట్నం_అల
అక్టోబరు 21, రాత్రి 9.30

వైద్యం విషయంలో నా ఓటు రాగికి కాదు, తొట్లు మార్చే పద్ధతికి. రెండు ప్లాస్టిక్ తొట్లు, ప్రతి తొట్టికీ వేరే ఎయిర్ రాయి, వేరే వల ఉంటే చాలు. చేపలను ఒక తొట్టిలో మూడు రోజులకు మించకుండా ఉంచి, పూర్తిగా శుభ్రం చేసి ఎండబెట్టిన రెండో తొట్టిలోకి మార్చాలి. చేప మీది జీవులు దిగి అడుగున అంటుకుంటాయి, అవి పగిలేలోపు చేప అక్కడ ఉండదు. మొత్తం నాలుగు మార్పిళ్లు, పన్నెండు రోజులు. పలుచని చర్మం గల ట్యాంగుకు రాగి కన్నా ఇది సుఖం. వెల్వెట్‌కు ఈ పద్ధతి నమ్మదగినది కాదు, అందుకే ల్యాబులో అయోడిన్ వేసి చూసిన ఆ రెండో స్లైడుకు అంత విలువ.

ఒక షరతు ఉంది. తొట్లలో పోసే నీరు మైపాడులో పట్టినది పట్టినట్టు పోయకూడదు. మన తీరంలో హాచరీలు చేసినట్టు క్లోరిన్ వేసి, ఒక రోజు గాలి కొట్టి, మిగిలిన క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో విరిచి, కిట్టుతో సున్నా అని చూసుకున్నాకే వాడాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో పెన్న నీరు, వాన నీరు కలిసి తీరం దగ్గర ఉప్పు పడిపోతుంది కాబట్టి పట్టిన ప్రతిసారీ కొలిచి, తక్కువైతే ఆక్వేరియం ఉప్పు కలపండి. 27 పీపీటీ తగ్గిన ఉప్పు కాబట్టి పరాన్నజీవికి కూడా దెబ్బే కదా అని ఎవరో అడగబోతున్నారని తెలుసు. దానికి దెబ్బ తగలాలంటే 14 దగ్గరకు దించి వారాలపాటు నిలపాలి, 27 దగ్గర అది హాయిగా ఉంటుంది.

సింగరాయకొండ_ఆక్వా
అక్టోబరు 21, రాత్రి 9.50

సరిగ్గా అదే అడగబోయాను.

పెన్నాతీరం
నవంబరు 8, రాత్రి 9.15

ఆలస్యానికి మన్నించండి. అక్టోబరు 21 రాత్రే చేపలన్నిటినీ పెద్ద ట్యాంకు నుంచి తీసి తొట్ల పద్ధతి మొదలుపెట్టాను. రెండో మార్పిడి రోజున వాన, కరెంటు పోవడం ఒక్కసారే వచ్చాయి. ఆ రాత్రి బ్యాటరీ పంపు పక్కన మేలుకొని కూర్చున్నాను. ట్యాంగు మీద చివరి చుక్క 27న కనిపించింది. ఆ తర్వాత రోజూ తెల్లవారుజామున అయిదింటికి టార్చిలైటు పక్కనుంచి వేసి చూస్తున్నాను, ఒక్కటి కూడా లేదు. క్లౌన్లు మామూలుగా ఉన్నాయి. ఒక క్రోమిస్ నాలుగో మార్పిడి రోజున తొట్టిలోంచి ఎగిరి కింద పడి చనిపోయింది. దానికి జబ్బేమీ లేదు, మూత పెట్టకపోవడం నా తప్పు.

ట్యాంగు ఎడమ కన్ను కొంచెం మసకగా ఉంది. ఒక్క కన్నే కాబట్టి, వలలో పట్టినప్పుడు రాసుకుందని అనుకొని ఆగి చూస్తున్నాను. మంచినీటి బకెట్టులో కూడా ఒకసారి పెట్టి చూశాను, నువ్వుగింజలేమీ రాలలేదు.

పెద్ద ట్యాంకులో మిగిలిన పరాన్నజీవి తిండి లేక చచ్చేలా చేపలు లేకుండా 76 రోజులు ఉంచాలని కొందరు, మన నీటి వేడికి 45 రోజులు చాలని కొందరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

కొత్తపట్నం_అల
నవంబరు 8, రాత్రి 9.40

వేడి నీటిలో చక్రం త్వరగా తిరుగుతుందన్నది నిజమే. కానీ పొర కట్టుకున్న దశలో 72 రోజుల దాకా ఆగి పగిలినవి నమోదయ్యాయి. ఆరు వందల రూపాయల చేప అయితే 45 అనేవాడిని. మీది పౌడర్ బ్లూ.

పెన్నాతీరం
నవంబరు 8, రాత్రి 10.00

అక్టోబరు 21 నుంచి లెక్కిస్తే జనవరి 5 అవుతుంది, సంక్రాంతికి ముందే. అప్పటిదాకా ఆ ట్యాంకులో రెండు క్లీనర్ రొయ్యలే ఉంటాయి. శుభ్రం చేయడానికి చేప లేక, నేను అద్దం తుడవడానికి చెయ్యి పెట్టిన ప్రతిసారీ వచ్చి నా గ్లౌజు వేళ్లను గీకుతున్నాయి.